నడుస్తోంది కదా!

నవజాత శిశువుల వార్డులోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి, చేతి గడియారం తీసేయాలి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఒక జిల్లా ఆసుపత్రిలో ఒక ఉదయం ఆ పనులన్నీ ముగించుకుని లోపలికి వెళ్ళాను. కిటికీ పక్క తొట్టెలో మూడు రోజుల పాప నీలం లైటు కింద పడుకుని ఉంది. కళ్ళకు గంతలు, నడుముకు డయాపర్, అంతే. పచ్చకామెర్లు. "నిన్న పొద్దున్నుంచి లైటు కిందే ఉంది సార్. తగ్గాల్సినంత తగ్గడం లేదు," అంది డ్యూటీలో ఉన్న సిస్టర్. లైటు సంగతేమిటని అడిగాను. ఆమె పైకి చూసింది. నాలుగు ట్యూబులూ నీలంగా వెలుగుతున్నాయి. "నడుస్తోంది కదా సార్!"

ఆమె మాటలో తప్పేమీ లేదు. ఉత్త కళ్ళతో చూస్తే నేనూ అదే అనేవాణ్ణి. నా సంచిలో నీలి కాంతిని కొలిచే ఫ్లక్స్ మీటర్ ఉంది. అరచేతిలో పట్టే పెట్టె, దానికో తీగ, తీగ చివర రూపాయి బిళ్ళంత కన్ను. ఆ కన్నును పాప పొట్ట పక్కన, పరుపు మీద పెట్టాను. మీటరు 9 చూపించింది. గట్టి చికిత్స అందాలంటే అక్కడ కనీసం 30 ఉండాలి.

ఆసుపత్రిలో ఆగిపోయిన యంత్రం అందరికీ కనిపిస్తుంది. దాన్ని పక్కన పెడతారు, ఇంకొకటి తెస్తారు, లేదంటే రోగిని ఇంకో చోటికి పంపుతారు. లైట్లు వెలుగుతూ, అంకెలు చూపిస్తూ, చేయాల్సిన పని మాత్రం చేయని యంత్రాన్ని ఎవరూ పక్కన పెట్టరు. అది రోగి దగ్గరే ఉంటుంది, అందరూ దాన్ని నమ్ముతూనే ఉంటారు. ఆసుపత్రి పరికరాల తనిఖీ అనే శాస్త్రం ఉన్నదే అలాంటి యంత్రాల కోసం.

ముందు ఆ లైటు సంగతి పూర్తిగా చూద్దాం. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థం పుడుతుంది. పెద్దవాళ్ళలో కాలేయం దాన్ని నీళ్ళలో కరిగేలా మార్చి బయటికి పంపుతుంది. పుట్టిన కొత్తలో కాలేయానికి ఇంకా ఆ సత్తువ రాదు. బిలిరుబిన్ రక్తంలో పేరుకుని చర్మం, కళ్ళు పచ్చబడతాయి. మరీ పెరిగితే మెదడులోకి చేరి శాశ్వతంగా దెబ్బ తీస్తుంది. 460 నానోమీటర్ల దరిదాపుల్లో ఉండే నీలి కాంతి చర్మం మీద పడితే బిలిరుబిన్ అణువు ఆకారం మారుతుంది. ఆ మారిన రూపం నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కాలేయం చేయాల్సిన మార్పుతో పని లేకుండానే పిత్తంలోనూ మూత్రంలోనూ బయటికి పోతుంది. ఇక్కడ మందు కాంతే. మందన్నాక మోతాదు ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద, ఒక్కో నానోమీటరు తరంగదైర్ఘ్యానికి ఎన్ని మైక్రోవాట్లు పడుతున్నాయన్నదే ఆ మోతాదు. 30 అన్నది ఆ లెక్కలోనే.

మన కన్ను ఆ మోతాదును ఎందుకు పసిగట్టలేదు? కంటికి అన్నిటికన్నా బాగా కనిపించేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతి. 460 దగ్గర దాని చురుకు అందులో నూటికి 6 వంతులే. పైగా వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, లోపలి పొర సర్దుకుంటుంది. సాయంకాలం ఇంట్లో వెలుతురు ఎంత తగ్గిందో లైటు వేసేదాకా మనకు తెలియదు కదా, అలాగే. ట్యూబులోని ఫాస్ఫర్ పూత గంటలు గడిచేకొద్దీ అరుగుతుంది. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, నీలం మోతాదు సగానికి పడిపోతుంది, కంటికి తేడా తెలియదు. దానికి తోడు ప్లాస్టిక్ పలక మీద దుమ్ము, ఎవరో పని వీలు కోసం పైకి ఎత్తిన స్టాండు. ఆ ఉదయం మా 9 వెనక ఈ మూడూ ఉన్నాయి.

ఈ చికిత్స కనిపెట్టిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1956 వేసవిలో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ ప్రాంతంలో, రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డును చూసేది సిస్టర్ జీన్ వార్డ్. ఎండ బాగున్న రోజుల్లో పిల్లలను ఆరుబయటికి తీసుకెళ్ళడం ఆమె అలవాటు. ఒకరోజు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా రంగు పలచబడింది, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం పచ్చగా మిగిలింది. కొన్నాళ్ళకు కామెర్ల బిడ్డ రక్తం ఉన్న గొట్టం ఒకటి కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. తర్వాత పరీక్షిస్తే ఉండాల్సినదానికన్నా బిలిరుబిన్ చాలా తక్కువ వచ్చింది. అంకె తేడాగా వచ్చిందని ఆ గొట్టాన్ని పారేసి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. తేడా ఎక్కడిదని అడిగారు. అక్కడి డాక్టర్ క్రీమర్, ఆయన సహచరులు 1958లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించారు. అంకెను గుడ్డిగా నమ్మకుండా, గుడ్డిగా కొట్టిపారేయకుండా, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతకడం తనిఖీకి కూడా మొదటి పాఠం.

ఫ్లక్స్ మీటరును మాత్రం ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్న పాఠకుడికి ఈపాటికి వచ్చే ఉంటుంది. కిరాణా కొట్లో తూకపు రాళ్ళ మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. ఆ శాఖ దగ్గరి రాళ్ళను ఇంకా మేలైన రాళ్ళతో సరిచూస్తారు. అలా పైకి పైకి పోతే న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వస్తుంది. ఆసుపత్రిలో వాడే కొలత సాధనాలకూ ఇలాంటి గొలుసే ఉండాలి. నా మీటరును ఏటా గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపి సరిచూపించుకుంటాను. ఇంకో చిక్కు ఏమిటంటే, రెండు కంపెనీల మీటర్లు ఒకే లైటు కింద రెండు అంకెలు చూపిస్తాయి. నీలం రంగులో ఏ ముక్కను కొలవాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా ఎంచుకున్నారు మరి. అందుకే లైటు తయారుచేసినవాళ్ళు ఏ మీటరు చెప్పారో దాంతోనే కొలవాలి.

ఇక బీపీ మిషన్. దీనికి ఇంత చోటెందుకని అనిపించవచ్చు. నా దృష్టిలో ఆసుపత్రిలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ, అన్నిటికన్నా ఎక్కువ మంది జీవితాలను మలుపు తిప్పేదీ ఇదే.

1896లో ఇటలీ వైద్యుడు రివా రొచ్చి చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం ఎత్తుతో రక్తపోటు కొలిచాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ దానికి స్టెతస్కోపును జోడించాడు. పాదరసం మిషన్‌లో అరిగిపోయే భాగం దాదాపు లేదు. పాదరసం బరువు, భూమి ఆకర్షణ ఈ రెండే దాని మూలధనం, అవి ఏళ్ళు గడిచినా మారవు. కానీ పాదరసం విషం. దాని వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని 2018లో మన దేశమూ ఆమోదించింది. ఆసుపత్రుల్లో పాదరసం మిషన్లు పోయి గుండ్రటి డయలు ఉన్నవీ, బటన్ నొక్కితే అంకె చూపించేవీ వచ్చాయి. మంచి మార్పే. అయితే దాంతోపాటు ఒక బాధ్యత కూడా వచ్చింది. డయలు వెనక పలచటి లోహపు డబ్బీ ఒకటి గాలి ఒత్తిడికి ఉబ్బుతుంది, సన్నటి పళ్ళచక్రాలు ఆ ఉబ్బును ముల్లుకు చేరవేస్తాయి. ఒక్కసారి బల్ల మీంచి కింద పడితే చాలు, ఆ లెక్క తప్పుతుంది.

దీన్ని పరీక్షించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఖాళీ పాలపొడి డబ్బాకు కఫ్ చుట్టండి. గొట్టాన్ని మధ్యలో టీ ఆకారపు ముక్కతో చీల్చి, ఒక పాయను మిషన్ డయలుకు, ఇంకో పాయను సరిచూసి ఉంచిన ప్రామాణిక మీటరుకు కలపండి. ఇప్పుడు రెండిటిలోనూ ఉన్నది ఒకే గాలి, ఒకే ఒత్తిడి. బల్బు పిండి 250 దాకా ఎక్కించి, మెల్లగా వదులుతూ 200, 150, 100, 50 దగ్గర ఆపి రెండూ ఏమంటున్నాయో చూడాలి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. ఆ తర్వాత గాలి బిగించి, కాసేపు ఆగి, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి.

ఓపీలో ఒక మిషన్‌ను ఇలా పెట్టినప్పుడు ప్రామాణిక మీటరు 150 దగ్గర ఉంటే దాని ముల్లు 141 దగ్గర నిలిచింది. గాలి మొత్తం వదిలితే బుద్ధిగా సున్నా దగ్గరికి వచ్చి కూర్చుంది. సున్నా సరిగ్గా చూపిస్తే మిషన్ మంచిదేనని చాలామంది అనుకుంటారు. సున్నా దగ్గర సరిగ్గా ఉండి, 150 దగ్గర తప్పే మిషన్లను నేను ఎన్నో చూశాను.

9 మిల్లీమీటర్లంటే ఏముందిలే అనుకోవద్దు. ఎగువ అంకె 140 దాటితే బీపీ ఉన్నట్టు లెక్క. ఆ మిషన్ ముందు 148 ఉన్న మనిషి కూర్చుంటే 139 అని రాస్తారు. "బాగానే ఉంది తాతా, ఉప్పు తగ్గించు" అని పంపించేస్తారు. ఊళ్ళో జనం బీపీలన్నీ వరసగా పేర్చి చూస్తే చాలామంది ఆ గీతకు అటూ ఇటూ దగ్గర్లోనే ఉంటారు. గీత కొంచెం జరిగితే చాలు, ఆ దగ్గర్లో ఉన్నవాళ్ళంతా ఇటువాళ్ళు అటైపోతారు. కఫ్ చిన్నదైతే దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. కఫ్ లోపలి రబ్బరు తిత్తి వెడల్పు చేతి చుట్టుకొలతలో నూటికి 40 వంతులు, పొడవు 80 వంతులు ఉండాలి. లావాటి చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది, అక్కర్లేని మాత్ర మొదలవుతుంది. తనిఖీకి వెళ్ళినవాడు మిషన్ ఒక్కటే చూసి వస్తే సరిపోదు, ఆ సొరుగులో ఎన్ని సైజుల కఫ్‌లున్నాయో కూడా చూడాలి.

బటన్ నొక్కితే కొలిచే మిషన్లతో ఇంకో మెట్టు ఎక్కాలి. అవి శబ్దం వినవు. కఫ్‌లో ఒత్తిడి తగ్గుతుంటే నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే చిన్న చిన్న ఊపులను చూసి, కంపెనీ రాసిన లెక్క ప్రకారం బీపీని అంచనా వేస్తాయి. నా టీ గొట్టం వాటిలోని ఒత్తిడి కొలిచే భాగం సరిగ్గా ఉందో లేదో చెప్పగలదు. ఆ లెక్క నిజమో కాదో చెప్పలేదు. అది తేలాలంటే కనీసం 85 మంది మనుషుల మీద, చెవితో విని కొలిచిన బీపీతో పోల్చాలి. సగటు తేడా 5 మిల్లీమీటర్లకు మించకూడదు, ఆ తేడాల చెదురు 8కి మించకూడదు. ఇది కంపెనీ చేయించాల్సిన పరీక్ష, కొనేవాళ్ళు అడగాల్సిన కాగితం.

అంటే ప్రశ్నలు రెండు. ఈ రకం యంత్రం మనుషుల దగ్గర నిజం చెబుతుందా అన్నది మొదటిది. దాన్ని మూల్యాంకనం అంటాం, కొనకముందే తేలాలి. మన చేతిలో ఉన్న ఈ ఒక్క యంత్రం ఇవాళ కూడా తన రకానికి తగ్గట్టే ఉందా అన్నది రెండోది. అదే తనిఖీ, యంత్రం ఉన్నన్నాళ్ళూ సాగాలి. మొదటి ప్రశ్న అడగకుండా కొంటే, ఎంత శ్రద్ధగా తనిఖీ చేసినా దక్కేది శ్రద్ధగా కాపాడుకున్న తప్పే.

ఈ తేడా బాగా తెలిసొచ్చేది పల్స్ ఆక్సీమీటర్ దగ్గర. కోవిడ్ కాలంలో వేలికి పెట్టుకునే ఈ చిన్న మిషన్ మన ఇళ్ళల్లోకి థర్మామీటరులా వచ్చేసింది. 94 కన్నా దిగితే ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. దీని వెనకున్నది జపాన్ ఇంజినీరు తకువో అవొయాగి. 1970ల మొదట్లో ఆయన నిహాన్ కోడెన్ సంస్థలో, రక్తంలోకి రంగు ఎక్కించి గుండె ఎంత రక్తం తోడుతోందో చెవి దగ్గర కాంతితో కొలిచే ప్రయత్నంలో ఉన్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఎగిరిపడి కొలత చెడిపోయేది. ఆ ఎగురుడును రద్దు చేయడానికి రెండు తరంగదైర్ఘ్యాలు వాడాడు. రక్తంలో ఆక్సిజన్ మారితే ఆ రద్దు కుదరడం లేదని గమనించాడు. అడ్డమనుకున్న ఎగురుడులోనే ఆక్సిజన్ సమాచారం ఉంది! ఇవాళ్టి మిషన్లలో 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, 940 దగ్గరి పరారుణ కాంతి వేలిగుండా పోతాయి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒకదాన్ని ఎక్కువ మింగుతుంది, లేనిది ఇంకోదాన్ని. నాడితోపాటు మారే భాగాన్ని మాత్రమే తీసుకుని, రెండిటి నిష్పత్తి చూస్తారు.

ఆ నిష్పత్తి నుంచి 97 అనో 88 అనో ఎలా వస్తుంది? సూత్రం నుంచి రాదు, మనుషుల నుంచి వస్తుంది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తక్కువున్న గాలి ఇచ్చి, వాళ్ళ ధమని రక్తం తీసి పరీక్షించి, ఆ అంకెలను నిష్పత్తులతో జత చేసి పట్టిక తయారుచేస్తారు. 70 కన్నా కిందికి దించడం ప్రాణాలతో ఆడటమే కాబట్టి అక్కడ ఆపేస్తారు. అంతకన్నా తక్కువ చూపించేదంతా గీత పొడిగించి చెప్పేదే. పట్టికలోని వాలంటీర్లు ఎవరైతే, పట్టిక వాళ్ళదే. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా పరిశోధకులు ఒక పోలిక ప్రచురించారు. మిషన్ 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు ధమని రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువున్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. చర్మంలోని మెలనిన్ కాంతి లెక్కను తప్పు దారి పట్టిస్తోంది. చామనఛాయ నుంచి నలుపు దాకా అన్ని రంగుల మనుషులున్న మన నేల మీద ఈ ఫలితాన్ని చదివి ఊరుకోలేం. కొనుగోలు కమిటీలో కూర్చున్న ప్రతివాళ్ళూ "ఈ మిషన్‌ను ఎవరి మీద పరీక్షించారు?" అని అడగాలి.

మా దగ్గర ఆక్సీమీటర్లను పరీక్షించే కృత్రిమ వేలు ఉంటుంది. మిషన్ దీపాలు, ఎలక్ట్రానిక్స్, అలారం సరిగ్గా ఉన్నాయో లేదో దానితో తెలుస్తుంది. మనిషి వేలి మీద అది నిజం చెబుతుందో లేదో తెలియదు. ఆ పరిమితిని స్టిక్కర్ మీద రాయడానికి చోటు ఉండదు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

కరెంటు గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం పూర్తి కాదు, ఎందుకంటే ఆసుపత్రి ఇంజినీరింగ్‌కు ఊపొచ్చింది షాక్ భయంతోనే. 1971 మార్చిలో అమెరికాలో వినియోగదారుల ఉద్యమనేత రాల్ఫ్ నాడర్ లేడీస్ హోమ్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. ఆసుపత్రుల్లో ఏటా కనీసం 1,200 మంది కరెంటు షాక్‌తో చనిపోతున్నారన్నాడు. దేశం ఉలిక్కిపడింది. ఆసుపత్రులు ఇంజినీర్లను పెట్టుకుని ప్రతి పరికరం లీకేజీ కరెంటు కొలిపించాయి. ఆ 1,200 అంకెకు గట్టి ఆధారం ఎన్నడూ దొరకలేదు. కానీ ఆ భయం వల్ల ఒక వృత్తి నిలబడింది, ఆ కొలతల్లో లీకేజీకన్నా విరిగిన ప్లగ్గులు, ఒలిచిన తీగలు, ఊడిన ఎర్తు కనెక్షన్లే ఎక్కువగా బయటపడ్డాయి.

పాత ఫ్రిజ్ తలుపు తడిచేత్తో పట్టుకుంటే జిల్లుమనడం చాలామందికి అనుభవమే. లోపల కరెంటు తీగకూ బయటి రేకుకూ మధ్య ఖాళీ ఉన్నా, ఆ రెండూ కలిసి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఆ కెపాసిటీ ఒక నానోఫారడ్ అనుకుంటే, మన 230 వోల్టులు, 50 సైకిళ్ళ కరెంటుకు దాదాపు 72 మైక్రోఆంపియర్లు కారుతుంది. చర్మం మీద అది తెలియను కూడా తెలియదు, ఒక మిల్లీఆంపియర్, అంటే 1,000 మైక్రోఆంపియర్లు ఉంటే గానీ చేతికి చురుక్కుమనదు. కానీ గుండెలోకి నేరుగా గొట్టమో తీగో వెళ్ళిన రోగికి చర్మం అనే కవచం లేదు. అక్కడ మైక్రోఆంపియర్లలో పోయే కరెంటు కూడా గుండె లయను చెడగొట్టగలదు. అందుకే గుండెకు తగిలే పరికరాలకు మామూలు పరిస్థితుల్లో 10, ఏదో ఒక లోపం తలెత్తినప్పుడు 50 మైక్రోఆంపియర్లే హద్దు. మిగతావాటికి 100, 500. యంత్రం మీద చతురస్రంలో గుండె బొమ్మ ఉంటే మొదటి రకం, మనిషి బొమ్మ ఉంటే రెండోది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మానిటర్ పక్క చూడండి, కనిపిస్తుంది.

కారే కరెంటును భూమిలోకి తీసుకుపోయేది మూడో పిన్ను. అది మిగతా రెండిటికన్నా పొడవుగా చేసిందే ముందుగా తగిలి, చివరగా విడవాలని. వార్డులో సాకెట్ చాలక ఎవరైనా ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గులా దూర్చడం చూస్తే నాకు అన్నం సహించదు. యంత్రం నడుస్తుంది. నడవడానికి ఎర్తు అక్కర్లేదు మరి!

డిఫిబ్రిలేటర్ గురించి చెప్పాల్సింది తక్కువే. ఆ షాక్ మిషన్ నెలలపాటు మూల నిలబడి ఉంటుంది, అవసరమైన రోజు కొన్ని సెకన్లే చేతిలో ఉంటాయి. 200 జౌళ్ళు పెడితే 50 ఓముల కృత్రిమ ఛాతీలోకి నిజంగా ఎన్ని వెళ్ళాయి, 15 శాతం లోపు తేడాతోనేనా, ఛార్జ్ కావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, బ్యాటరీ ఒక్కదాంతోనే ఎన్ని షాకులు ఇవ్వగలిగింది, ఇవి చూడాలి. ఛాతీకి అంటించే ప్యాడ్ల గడువు తేదీ చూడాలి, అవి ఎండిపోతే మిగతాదంతా వృథా.

సిరింజి పంపులు, ఇన్ఫ్యూజన్ పంపుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు 2005 నుంచి 2009 దాకా వీటి గురించి దాదాపు 56,000 ఫిర్యాదు నివేదికలు వచ్చాయి, 87 సార్లు కంపెనీలు పంపులను వెనక్కి పిలిపించుకున్నాయి. వేగం సరిచూడటం తేలిక. గంటకు 50 మిల్లీలీటర్లు పెట్టి, గీతల గాజు గొట్టంలో పట్టి, గంటయ్యాక చూడాలి. సాధారణంగా 5 శాతం తేడాను ఒప్పుకుంటారు, అంటే 47.5 నుంచి 52.5. అసలు మెలిక గొట్టం మడతపడినప్పుడు. పంపు ఆ సంగతి వెంటనే తెలుసుకోలేదు. గొట్టంలో ఒత్తిడి పెరిగి అలారం గీతను తాకాలి. దానికి ఒక మిల్లీలీటరు ద్రవం పోగుపడాలనుకోండి. గంటకు 60 చొప్పున పోతుంటే ఒక్క నిమిషంలో అలారం మోగుతుంది. నెలలు నిండని బిడ్డకు గంటకు ఒక్క మిల్లీలీటరే పోతుంటే గంట పడుతుంది. గంటసేపు మందు లేదు, మడత తీయగానే పోగుపడినదంతా ఒక్కసారిగా నరంలోకి. కాబట్టి పంపును పెద్ద వేగం దగ్గర పరీక్షించి పాసయిందని రాస్తే చాలదు. ఏ వార్డులో ఏ వేగంతో వాడతారో ఆ వేగం దగ్గరే అలారం ఎన్ని నిమిషాలకు మోగిందో రాయాలి.

ఇన్ని యంత్రాలున్న చోట, ఒకరిద్దరు మనుషులుండగా, ముందు దేన్ని చూడాలి? 1989లో ఫెన్నిగ్‌కో, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక లెక్క ఇచ్చారు. యంత్రం చేసే పనికి 10 దాకా మార్కులు, చెడితే రోగికి జరిగే హానికి 5 దాకా, దానికి కావలసిన సంరక్షణకు 5 దాకా. మొత్తం 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే క్రమం తప్పని తనిఖీ జాబితాలో చేర్చాలి. వెంటిలేటరుకు 10, 5, 5 కలిసి 20. నీలం లైటుకు నేను వేస్తే చికిత్స పరికరంగా 8, హానికి 4, సంరక్షణకు 3, మొత్తం 15. బీపీ డయలుకు 6, 3, 2 వేశాను. 11 వచ్చింది. అంటే జాబితాలో లేనట్టే!

ఈ లెక్క మంచిదే, నేనూ వాడతాను. కానీ అది ఒక యంత్రం ఒక రోగికి ఏం చేస్తుందో చూస్తుంది. వెంటిలేటరు దగ్గర ఇద్దరు కళ్ళు ఆర్పకుండా నిలబడి ఉంటారు. ఓపీ బల్ల మీది బీపీ మిషన్ దగ్గర వరసలో వంద మంది ఉంటారు, దాన్ని అనుమానించేవాళ్ళు ఒక్కరూ ఉండరు. రోజుకు ఎంతమందిని తాకుతుంది, తప్పు చేస్తే ఎవరికైనా తెలుస్తుందా అనే రెండు ప్రశ్నలకు కూడా మార్కులు వేయాలని నా అభిప్రాయం. అలా వేస్తే బీపీ మిషన్ జాబితా పైకి ఎక్కుతుంది.

మన దేశంలో ఈ పనికి ఒక రూపం వచ్చింది ఈమధ్యే. 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలైంది. దానికోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో లెక్క తీస్తే 29,115 చోట్ల 7,56,750 పరికరాలు తేలాయి, విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు. తర్వాత ప్రతి పరికరానికీ నంబరు స్టిక్కర్, ఫిర్యాదుకు టోల్‌ఫ్రీ నంబరు వచ్చాయి. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు నూటికి 95 పాళ్ళ కాలం నడుస్తూ ఉండాలి, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80. ఇంతకుముందు మూలపడ్డ యంత్రం కండెమ్ అయ్యేదాకా మూలనే ఉండేది. ఇది చిన్న మార్పు కాదు, ఆ స్టిక్కర్లు అంటిస్తూ ఊరూరా తిరిగిన కుర్రవాళ్ళకు నేను మనసారా నమస్కరిస్తాను.

కానీ 95 శాతం అనేది నడిచిన కాలం. మా నీలం లైటు ఆ లెక్కలో నూటికి నూరు తెచ్చుకునేది. ఒక్క రోజు కూడా ఆగలేదు కదా. కాలిబ్రేషన్ కూడా కార్యక్రమంలో భాగమే. అయితే నెలాఖరు సమావేశంలో పెద్ద అక్షరాలతో తెరమీద వచ్చేది నడిచిన శాతమే. దాని పక్కనే ఇంకో గడి ఉండాలని నేను కోరుకుంటున్నాను: ఈ నెల ఎన్ని పరికరాలను కొలిచి చూశాం, అందులో ఎన్ని హద్దు తప్పాయి. హద్దు తప్పినవి సున్నా అని వస్తే సంతోషించకుండా, కొలిచింది ఎవరు, దేనితో కొలిచారు అని అడిగే అధికారి ఉండాలి.

యంత్రం వల్ల రోగికి హాని జరిగితే చెప్పుకోవడానికి 2015లోనే మెటీరియోవిజిలెన్స్ అనే దేశవ్యాప్త ఏర్పాటు మొదలైంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టర్లే రాయాలని లేదు, సిస్టర్లు, టెక్నీషియన్లు, రోగులు కూడా రాయవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందులతో సమానం. మందు వికటిస్తే కేసు షీటులో రాసినట్టే, పంపు తప్పితే ఆ పంపు నంబరుతో సహా రాసి ఉంచాలి. ఎవరినో శిక్షించడానికని భయపడి చాలామంది రాయరు. ఒక్క చోట తప్పిన పంపు గురించి నాలుగు వాక్యాలు రాస్తే, అదే రకం పంపు ఉన్న ఇంకో ఊరి బిడ్డ దగ్గరికి ఆ కబురు ముందుగా చేరుతుంది.

ఆ ఉదయానికి తిరిగి వస్తాను. పాపను తాత్కాలికంగా పక్క తొట్టెలోకి మార్చి, ఎల్‌ఈడీ లైటు ఒకటి ఖాళీగా ఉంటే దాని కింద పెట్టారు. మేం పాత స్టాండు ప్లాస్టిక్ పలకను విప్పి తడిగుడ్డతో తుడిచాం. గుడ్డ నల్లబడింది. మీటరు 13 అంది. స్టోరు నుంచి కొత్త ట్యూబులు వచ్చేసరికి పదకొండయింది. నాలుగూ మార్చి వెలిగించాం. నేను, సిస్టర్ ఇద్దరం పైకి చూశాం. మా కంటికి ఇందాకటి నీలమే. పరుపు మీద కన్ను పెడితే 26. స్టాండును కంపెనీ చెప్పిన ఎత్తుకు దించాక నడిమధ్య 34, నాలుగు మూలల్లోనూ కొలిచాక సగటు 31.

"రోజూ ఇలా చూడొచ్చా సార్, మేమే?" అని అడిగింది ఆమె. మీటరు ఆమె చేతికి ఇచ్చాను. రెండుసార్లు తప్పు పట్టుకుంది, మూడోసారి కన్నును పరుపుకు సమంగా ఆనించింది. కేసు షీట్ల కింద నుంచి పొడుగాటి రిజిస్టరు లాగి, స్కేలు పెట్టి కొత్త గడులు గీసింది. తేదీ, స్టాండు నంబరు, ట్యూబులు మార్చిన రోజు, మీటరు అంకె, సంతకం. మొదటి వరసలో 31 అని రాసి, దాని పైన ఖాళీ ఉంచి, కాసేపు ఆలోచించి అక్కడ 9 కూడా రాసింది.